పెద్దలంతా వెనక్కి వెళ్లిన ఆదివారం

2023 వర్షాకాలం. నల్లగండ్లలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం, దాని క్లబ్‌హౌస్. నెలకొక ఆదివారం ఉదయం అక్కడ కుటుంబాల కోసం సైన్స్ కార్యక్రమం నడిపేవాళ్లం. అంతకుముందు నేను చాలా ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఆ ఉద్యోగం వదిలి, ఐటీ కంపెనీలున్న ఈ ప్రాంతంలో సైన్స్ ఉపన్యాసాలు ఏర్పాటు చేసే ఒక చిన్న సంస్థలో చేరాను. చిన్న సంస్థ అంటే తెలిసిందే కదా. చెప్పేది నేనే, కుర్చీలు వేయించేదీ నేనే, మైకు మొరాయిస్తే మాటలు పడేదీ నేనే.

మా కార్యక్రమంలో సగం టాక్, సగం డెమో. టాక్ అంటే ఉపన్యాసమే, పిల్లలు కునుకు తీయకముందే అయిపోయేంత చిన్నది. డెమో అంటే చెప్పిన సంగతిని అక్కడికక్కడే చేసి చూపించడం, వచ్చినవాళ్లతో చేయించడం. నాకు డెమోల్లో తలనొప్పి పిల్లలతో కాదు, తల్లిదండ్రులతో. పిల్లవాడికి మైకిస్తే వెనకనుంచి జవాబు అందిస్తారు. బెలూన్ ఊదమంటే తండ్రి లాక్కుని ఊదుతాడు. పక్క ఫ్లాటు అబ్బాయి చెయ్యెత్తితే తమ అమ్మాయీ ఎత్తాల్సిందే. వారమంతా ఆఫీసులో రేటింగుల మధ్య బతికేవాళ్లకి ఆదివారమైనా ఆ అలవాటు వదలదు. ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ. అది నా మొహంలో కనిపించేస్తుంది కూడా.

అలాంటి తల్లుల్లో లావణ్యదే మొదటి స్థానమని నేను నిర్ణయించేసుకున్నాను. ఆమెది కాకినాడ వైపు, భర్త మహేశ్వర్‌ది కడప. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. వాళ్లకి ఆరేళ్ల అమ్మాయి, హాసిని. ప్రతి నెలా అందరికంటే ముందే వచ్చి మొదటి వరసలో కూర్చునేవాళ్లు. నేను ఏదైనా అడిగితే చాలు, లావణ్య వేలు కూతురి వీపు మీద పడేది. పాప వెంటనే తల్లి మొహం చూసి, చెయ్యెత్తేది. మైకిస్తే మాత్రం అడిగినదానికి సంబంధం లేని మాటేదో చెప్పి నవ్వేది. మాటలు కాస్త ముద్దుముద్దుగా ఉండేవి.

ఒక నెల కార్యక్రమం అయ్యాక లావణ్య నన్ను పక్కకి పిలిచింది. "మేడం, మా పాపకి ధ్యాస తక్కువండి. స్కూల్లో టీచరు రోజూ కంప్లైంటేనండి. ఈ ఏడు ఇలాగే ఉంటే మళ్లీ ఒకటో తరగతే చదివించమంటున్నారు. శనివారాలు కాన్సంట్రేషన్ క్లాసులో కూడా వేశాం. ఇక్కడికి తీసుకొస్తే ఏమైనా కుదురు వస్తుందేమోనని ఆశండి" అంది. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి పాప భుజం మీదే ఉంది. వదలకుండా పొడుస్తూ ఉంటే ఏ పిల్లకి కుదురు వస్తుందని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం, వస్తుందండి అన్నాను.

ఆ తర్వాతి నెల మా విషయం శబ్దం. మా దగ్గర టోన్ జనరేటర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. లాప్‌టాప్‌ని స్పీకర్లకి తగిలిస్తే, పాత ఫ్రిజ్ చేసే బొంగురు మోత దగ్గర్నుంచి, చెవి దగ్గర దోమ తిరిగినట్టుండే సన్నటి కూత దాకా ఏ శబ్దమైనా పలికిస్తుంది. బొంగురుది తక్కువ ఫ్రీక్వెన్సీ, సన్నటిది ఎక్కువ ఫ్రీక్వెన్సీ. వయసు పెరిగేకొద్దీ మనకి ముందుగా సన్నటి శబ్దాలు వినపడటం మానేస్తాయి. డెమో ఏమిటంటే, అందరూ చేతులెత్తి కూర్చోవాలి. నేను శబ్దాన్ని మెల్లగా సన్నం చేసుకుంటూ పోతాను. ఎవరికి వినపడటం ఆగితే వాళ్లు చెయ్యి దించాలి. ముందు తాతయ్యలు దించుతారు, తర్వాత నాన్నలు, చివరికి పిల్లలే మిగులుతారు. పెద్దవాళ్ల మీద పిల్లలు గెలిచే డెమో కాబట్టి వాళ్లకి ఇదంటే ప్రాణం.

క్లబ్‌హౌస్ చూసుకునే యాదగిరి కూడా ఆ రోజు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. చాలా తొందరగా చెయ్యి దించేశాడు. "మేడం, ఇగ నాది బందైంది. మీరు నిజంగనే మోగిస్తున్నరా, ఉత్తగనే మమ్మల్ని పరేషాన్ చేస్తున్నరా?" అన్నాడు. హాలంతా నవ్వింది. శబ్దం ఇంకా సన్నబడింది. నాన్నల చేతులు, అమ్మల చేతులు దిగాయి. పిల్లల చేతులు మాత్రం పైనే ఉన్నాయి. అందులో హాసినిదీ ఉంది. అయితే ఆ చెయ్యి సగం దిగినప్పుడల్లా లావణ్య మోచేతి కింద తన చెయ్యి పెట్టి పైకి నెడుతోంది. ఇందులో బహుమతి ఏమీ లేదు, మార్కులు లేవు. అయినా తన పిల్ల చెయ్యి మిగతా పిల్లలకంటే ముందు దిగకూడదు.

నాకు ఒళ్లు మండింది. "ఇంకోసారి చేద్దాం. ఈసారి పెద్దలంతా వెనక్కి వెళ్లి గోడ దగ్గర నిలబడండి. పిల్లలు కళ్లు మూసుకోండి. శబ్దం వస్తే చెయ్యెత్తాలి, ఆగితే దించాలి" అన్నాను. లావణ్య కదల్లేదు. "మీరు కూడానండి" అన్నాను, కాస్త గట్టిగానే. ఆమె వెళ్లింది.

బొంగురు మోతకి పిల్లలందరి చేతులూ లేచాయి, హాసినిది అందరికంటే ముందు. రెండోదానికీ లేచింది. శబ్దం కొంచెం సన్నబడ్డాక, ఆ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. పాప కళ్లు తెరిచి అటూ ఇటూ చూసింది. లేచిన చేతులు కనపడగానే తనదీ ఎత్తింది. "కళ్లు మూసుకో తల్లీ" అన్నాను. నా వైపు చూసి నవ్వింది కానీ మూసుకోలేదు. నేను నా కళ్లు మూసి చూపించాను. అప్పుడు మూసుకుంది.

ఆ తర్వాత నేను శబ్దం పెట్టడం, ఆపడం, పెట్టడం, ఆపడం. చుట్టూ పిల్లల చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. హాసిని మాత్రం కళ్లు గట్టిగా బిగించి, మెడ కొంచెం ముందుకు చాచి, ఒక చెయ్యి ఎత్తడానికి సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. శబ్దం ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంది. ధ్యాస లేదన్న పిల్ల అది. నేను పాఠం చెప్పిన ఇన్నేళ్లలో అంత ధ్యాసగా కూర్చున్న పిల్లని చూడలేదు. వెనకనుంచి లావణ్య ముందుకు రాబోయింది. "మీరు అక్కడే ఉండండి" అన్నాను. ఈసారి నా గొంతులో విసుగు లేదు, భయం ఉంది.

మాకొక కచ్చితమైన నియమం ఉంది. మేం డాక్టర్లం కాదు, ఎవరి ఆరోగ్యం గురించీ మాట్లాడకూడదు. ఆ డెమో కూడా పరీక్ష కానే కాదు. హాల్లో ఏసీ మోత ఉంటుంది, స్పీకర్లు అంతంతమాత్రం. అసలు పరీక్షని ఆడియోమెట్రీ అంటారు. బయటి శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి, ఒక్కో చెవికీ విడిగా చేస్తారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఊరుకోలేక, అందరూ వెళ్లేదాకా ఆగి, చెప్పుల స్టాండు దగ్గర లావణ్యని ఆపాను.

"పాప చెవులు ఒకసారి చూపించండి" అన్నాను.

ఆమె తెల్లబోయింది. "చెవులకేమైందండి? పుట్టినప్పుడు టెస్టు చేశారు, బాగానే ఉన్నాయన్నారు. నేను పిలిస్తే పలుకుతుందండి."

"మీరు ముట్టుకోకుండా ఎప్పుడైనా పిలిచారా?"

అప్పుడే కారు తీసుకురావడానికి వెళ్లిన మహేశ్వర్ తిరిగి వచ్చాడు. విషయం తెలిసి మొహం ఎర్రగా చేసుకున్నాడు. "ఏం మేడం, మీరేమన్నా డాక్టరా? యాడికి పోయినా మా పిల్లకే ఏదో ఒకటి అంటగడతారు. స్కూలువాళ్లది ఒకటి, ఇప్పుడు మీదొకటి. సైన్స్ చూపిస్తారని వచ్చినాం, ఇది చెప్పించుకోవడానికి కాదు" అన్నాడు. పాపని ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే మా ఇన్‌ఛార్జికి ఫిర్యాదు వెళ్లింది. ఆయన నన్ను పిలిచి, నియమం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ మొదటినుంచి చెప్పాడు. నేను తలూపాను. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పై నెల వాళ్లు రాలేదు, ఆ తర్వాతి నెలా రాలేదు. ప్రతిసారీ మొదటి వరస వైపు చూసేదాన్ని. నేను అన్నది తప్పయితే ఒక కుటుంబాన్ని ఊరికే బాధపెట్టినట్టు. ఒప్పయి వాళ్లు పట్టించుకోకపోతే ఆ పిల్ల ఒకటో తరగతిలోనే మిగిలిపోతుంది. రెండింటిలో ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు.

దసరా సెలవులు అయిపోయాక లావణ్య ఫోన్ చేసింది. "మీరు చెప్పిన రోజే ఇంటికెళ్లి చూశానండి" అంది. "ముట్టుకోకూడదని చేతులు కట్టుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి పిలిస్తే పలకలేదు. ఎదురుగా వెళ్లి పిలిస్తే పలికింది. వెనకనుంచి పిలిస్తే ఆడుకుంటూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చిందండి, అది పాకే వయసు దాటినప్పటినుంచీ నేను తట్టకుండా ఒక్క మాటా చెప్పలేదు. ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు."

భర్తని ఒప్పించడానికి చాలా రోజులు పట్టిందట. చివరికి పరీక్ష చేయించారు. రెండు చెవులకీ సన్నటి శబ్దాలు అందడం లేదు. పుట్టినప్పుడు చేసే టెస్టులో ఇలాంటి లోపం ఒక్కోసారి బయటపడదట. అలాంటివాళ్లకి మాట వినపడుతుంది కానీ, అందులోని అక్షరాలన్నీ విడివిడిగా తెలియవు. దగ్గరగా, పెదవులు చూస్తూ ఉంటే నెట్టుకొస్తారు. పిల్లల గోల మధ్య, బోర్డు వైపు తిరిగి టీచరు చెప్పేది మాత్రం అందదు. పాపకి హియరింగ్ ఎయిడ్స్ పెట్టించారు. మాటలు సరిదిద్దడానికి స్పీచ్ థెరపీకి తీసుకెళుతున్నారు. స్కూలువాళ్లు మళ్లీ ఒకటో తరగతి అనే మాట ఇక ఎత్తలేదు.

ఆమెకి నేనేం చెప్పాలి? ఆ తల్లి వేలిని చూసి పోటీ పిచ్చి అనుకున్నాను. నిజమే, ఆ చెయ్యి ఎత్తించినది పోటీ పిచ్చే. కానీ అదే వేలు కూతురికి లోకాన్ని ఇన్నాళ్లూ అందిస్తూ వచ్చింది. లోపం బయటపడకుండా కప్పిపెట్టినదీ అదే. రెండూ ఒకే చెయ్యి చేసింది. ఆ మాట ఆమెతో అనలేదు. మంచిపని చేశారమ్మా అన్నాను.

చలికాలంలో ఒక ఆదివారం మహేశ్వర్ ఒక్కడే వచ్చాడు. కార్యక్రమం అయ్యాక నేను వైర్లు చుట్టుకుంటుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు అన్న మాటల సంగతి ఎత్తబోతే, వదిలేయండి అన్నాను.

"అది కాదు మేడం. హోంవర్క్ దగ్గర పాపని చాలాసార్లు కొట్టినాను. నేను చెప్పింది ఒకటి, అది రాసేది ఇంకొకటి. పొగరనుకున్నా. మొన్న కూర్చోబెట్టి అడిగినా, నీకు సరిగ్గా వినపడట్లేదని మాకెందుకు చెప్పలేదు నాన్నా అని."

"ఏమంది?"

"అందరికీ అట్లాగే వినపడుతుందనుకుందంట మేడం. మిగతా పిల్లలు తెలివైనోళ్లు కాబట్టి వాళ్లకి అర్థమైపోతుంది, నాకు తెలివి లేదు కదా నాన్నా, అందుకే నువ్వు కొడతావనుకున్నా అనింది."

నేను చుడుతున్న వైరు చేతిలోనే ఉండిపోయింది. ఆయన కళ్లు తుడుచుకుని, కుర్చీలు మడవడానికి సాయం చేసి వెళ్లాడు.

ఆ కుటుంబం తర్వాత మా సంస్థలో నియమం కొంచెం మారింది. ఇప్పటికీ మేం ఆరోగ్యం గురించి తీర్పులు చెప్పం. కానీ పిల్లల్లో ఏదైనా తేడాగా కనిపిస్తే, ఒకసారి డాక్టరుకి చూపించండి అని ఆ ఒక్క మాట విడిగా చెబుతాం. కొందరు కోపగించుకుంటారు. కోపాన్ని భరించడం కూడా పనిలో భాగమేనని ఇన్‌ఛార్జే ఒప్పుకున్నాడు. నా వరకు నేను ధ్యాస లేదు అనే మాటని పిల్లల గురించి వాడటం మానేశాను. ఎవరైనా జవాబు చెప్పకపోతే, నేను అడిగింది వాళ్లదాకా చేరిందో లేదో ముందు చూస్తాను. చేరకపోతే ఆ పిల్ల అడగదు. తనకే తెలివి లేదనుకుని, నవ్వుతూ కూర్చుంటుంది.