జానెడు తక్కువైన ఎండ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎండ కోసం పెద్ద లొల్లే జరిగింది. గోదావరిఖనిలో ఎండ కోసం లొల్లేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. గడప దాటితే మాడిపోయే ఊరు కదా ఇది. నవ్వనివ్వండి. ఏడాదిలో సగం రోజులు ఎండాకాలాన్ని తిట్టుకుంటూ గడిపే మనకు, ఇక్కడ చలికాలం కూడా ఒకటుందని, ముసలివాళ్ల మోకాళ్లకు అది అందరికంటే ముందే తెలుస్తుందని గుర్తుండదు.

అప్పుడు మేం కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ముందొక క్వార్టర్ల వరుస, వెనకొక వరుస, మధ్యలో ఇరుకు సందు. చలికాలం వచ్చిందంటే ఎదుటి వరుస నీడ మా గడప మీద నుంచి లేచేదే కాదు. మా నాయినమ్మ పొద్దున్నే సందులో పీట వేసుకుని ఎండ కోసం కాచుకుని కూర్చునేది. దారికి అడ్డంగా కూర్చున్న ఆమెను తప్పించుకుంటూ సైకిళ్లు పోయేవి. ఆమె తిట్లను మాత్రం ఎవరూ తప్పించుకోలేకపోయేవారు. తీరా ఎండ వచ్చి కాసేపు నిలిచేలోపే వెళ్లిపోయేది. ఆమె కాళ్లు పట్టేసి, రాత్రంతా మూలుగుతూ ఉండేది. ఆమె పక్కలో పడుకునేదాన్ని నేనే కాబట్టి ఆ మూలుగులు నాకు బాగా తెలుసు.

ఆ ఏడు చలి తగ్గుముఖం పట్టాక ఆమె తేల్చి చెప్పేసింది. వచ్చే చలికాలం ఈ చీకట్లో ఉండేది లేదట. గోదావరి అవతల, జైపూర్ దగ్గరి ఊళ్లో మా చిన్నాయన ఉండేవాడు. ఆయన ఇంటి ముందు పెద్ద వాకిలి, పొద్దంతా ఎండ. అక్కడికే పోతానంది. బాపుకు అది పెద్ద దెబ్బే. తల్లిని దగ్గర పెట్టుకోలేకపోయాడంటారని ఆయన ఫికర్. నా ఫికర్ వేరు. నాయినమ్మ లేకపోతే రాత్రిళ్లు నాకు కథలు చెప్పేదెవరు? నా జడ వేసేదెవరు? అమ్మ వేస్తే నెత్తి లాగేస్తుంది. చిన్నాయన ఇల్లున్న ఊరిని ఆ రోజుల్లో నేను మనసారా ద్వేషించాను.

అప్పటికే ఊరి చివర కొంచెం జాగా కొని పెట్టాడు బాపు. ఎండాకాలంలో అక్కడ ఇంటి పని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మా మామ అందులో వేలు పెట్టాడు. మామంటే మా అమ్మ తమ్ముడు. సర్వే ఆఫీసులో కూర్చుని గనుల నక్షలు గీసేవాడు. అప్పుడప్పుడే పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి, కొత్తగా పెంచిన మీసాన్ని అద్దంలో తెగ చూసుకునేవాడు.

నాయినమ్మ ఎండ కోసం కాచుకున్న ఆ చలికాలమంతా మామ ఒక పని చేశాడని మాకు తర్వాత తెలిసింది. క్వార్టర్ల చివర ఖాళీ జాగాలో ఒక కర్ర పాతి, మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలిచేవాడట. గజగజలాడే రోజుల్లో కర్ర ఎంత పొడుగో నీడా దాదాపు అంతే ఉంది. ఎండలు ముదిరాక నన్ను తీసుకెళ్లి అదే కర్ర చూపించాడు. నీడే లేదు! కర్ర మొదట్లోకి దూరి దాక్కుంది. ఇంకొన్నాళ్లు ఆగితే నీడ అటు వైపు, దక్షిణానికి పడుతుందన్నాడు. నేను నమ్మలేదు. వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం నేనే వెళ్లి చూసొచ్చాను. నిజమే, పొట్టి నీడ ఒకటి దక్షిణం వైపు తొంగి చూస్తోంది. పొద్దు మన నెత్తి దాటి ఉత్తరానికి పోయిందన్నమాట.

ఇల్లు కట్టడానికి మామ చెప్పిన లెక్క అంతా ఆ కర్రలోనే ఉంది. ఎండాకాలం పొద్దు నెత్తి మీద నుంచి పోతుంది కాబట్టి దక్షిణం గోడకు ఎంత పెద్ద కిటికీ పెట్టినా, పైన చూరు ఉంటే ఎండ లోపలికి రాదు. చలికాలం అదే పొద్దు దక్షిణానికి వంగి పోతుంది కాబట్టి చూరు కింద నుంచి దూరి ఇంట్లోకి వస్తుంది. చూరు ఎంత ఎత్తున ఉంటే, చూరు అంచు కింది నుంచి దాదాపు అంత లోపలికి ఎండ పడుతుంది. అంటే చూరు సరిగ్గా ఎంత ముందుకు ఉండాలో లెక్కగడితే, నాయినమ్మ మంచం ఎక్కడ వేయాలో కూడా ఇప్పుడే చెప్పొచ్చు. ఒక రాత్రి అట్టపెట్టెతో చిన్న ఇల్లు చేసి, టార్చిలైటును పొద్దులా పట్టుకుని మా అందరికీ ఆడి చూపించాడు. బాపు టోపీ లైటు అయితే ఇంకా బాగుండేదేమో, కానీ దాన్ని బాయి దగ్గర అప్పజెప్పకుండా ఎవరినీ ఇంటికి పంపరు.

ఆట అందరికీ నచ్చింది. దక్షిణం అన్న మాటే ఎవరికీ నచ్చలేదు.

"దక్షిణం దిక్కు గంత పెద్ద కిటికీయా? అది యముని దిక్కు బామ్మర్దీ," అన్నాడు బాపు.

"చలికాలమంత సూర్యుడే ఆ దిక్కున తిరుగుతడు బావా. ఆయనకు లేని భయం మనకెందుకు?" అన్నాడు మామ.

బావా బామ్మర్దుల మాట ఎక్కడ మొదలైనా ఎకసెక్కాల్లోకి దిగకుండా ఆగదు. ఇదీ అంతే. కట్టబోయే గదిలో గీత గీసి చూపిస్తానని, పగలు అన్నిటికంటే పొట్టిగా ఉండే రోజున మధ్యాహ్నం ఎండ ఆ గీత దాకా రాకపోతే మీసం తీయించుకుంటానని మామ పందెం కాశాడు. వస్తే తన మీసం తీయించుకుంటానని బాపు ఒప్పుకున్నాడు. నాయినమ్మ మీసాల జోలికి పోలేదు. ఈ ఒక్క చలికాలం చూస్తుందట. ఎండ వస్తే సరేనట, రాకుంటే చిన్నాయన ఇంటికేనట. నా గుండె ఆ గీతకు కట్టేసినట్టయింది.

తలవాకిలి తూర్పుకే పెట్టి, దక్షిణం గోడకు మాత్రం తలుపంత కిటికీ పెట్టారు. పైన పెంకులు కప్పారు. వానలు పడ్డాయి, పోయాయి. కొత్తింట్లోకి మారాక మామ గచ్చు మీద సుద్దతో గీత గీసి, నాయినమ్మ మంచాన్ని గీతకు ఆనించి వేశాడు. చలి ముదిరింది. పొద్దు రోజురోజుకూ కిందికి వంగుతోంది. కిటికీలోంచి ఎండ ప్రతిరోజూ కొంచెం కొంచెం లోపలికి పాకుతూ వస్తుంటే నేను బడి నుంచి మధ్యాహ్నం అన్నానికొచ్చి ముందు దాన్నే చూసేదాన్ని. అన్నం తర్వాత.

పందెం రోజున పాత క్వార్టర్ల వాళ్లు కూడా వచ్చారు. రెండు మీసాల్లో ఒకటి పోవడం ఖాయమంటే ఎవరు మాత్రం రారు? పొద్దు నడిమికొచ్చింది. గచ్చు మీద ఎండ తళతళలాడుతూ వచ్చి ఆగింది. గీతకు జానెడు ఇవతల.

కాసేపు చూశాం. అది ఇంక ముందుకు కదల్లేదు. బాపు మీసం మెలేశాడు. మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మీసం పోతున్నందుకు కాదు, లెక్క తప్పినందుకు. నేనైతే మంచం కింద ఉన్న నాయినమ్మ బట్టల మూట వైపు చూసి ఏడుపు లంకించుకున్నాను. చిన్నాయన మరునాడు వస్తానని కబురు పెట్టి ఉన్నాడు మరి.

మామ ఉన్నట్టుండి బయటికి పరుగెత్తి నిచ్చెన వేసుకుని చూరు కొలిచాడు. తను చెప్పినదానికంటే జానెడు ఎక్కువుంది. అందరూ బాపు వైపు తిరిగారు. వాన జల్లు కిటికీలోకి కొడుతుందని మేస్త్రి అంటే, ఇంకో వరుస పెంకులు వేయించాడట. జానెడే కదా, ఏమవుతుందిలే అనుకున్నాడట. చూరు జానెడు పెరిగితే ఎండ జానెడు తగ్గుతుందని ఆయనకెట్లా తెలుస్తుంది! ఇంక చూడాలి ఆ లొల్లి. ఎండ రాలేదు కాబట్టి తీయాల్సింది మామ మీసమేనని కొందరు, లెక్క చెడగొట్టింది బాపు కాబట్టి ఆయనదేనని కొందరు. ఒకరైతే మంగలిని పిలిచి ఇద్దరివీ తీయించమన్నారు. నవ్వులూ అరుపులూ కలిసి ఇల్లు ఎగిరిపోయేట్టుంది.

ఆ గోల మధ్య గచ్చు మీద బరబరా చప్పుడైంది. తిరిగి చూశాం. నాయినమ్మ మంచం దిగి, పట్టె పట్టుకుని, వంగి ముందుకు లాగుతోంది. ఎవరూ సాయం పట్టేలోపే లాగేసింది. మంచమెక్కి కూర్చుని కాళ్లు రెండూ ఎండలోకి చాపింది. ముఖమంతా విచ్చుకుంది.

"ఆ సూర్యుడు ఆకాశం నుంచి ఇంత దూరం నా కోసం వచ్చిండు. జానెడు నేను జరగొద్దా?" అంది. తర్వాత నా వైపు చూసి, "ఏడుపు ఆపి ఆ మూట ఇప్పు పొల్లా. నేను ఏడికి పోత?" అంది.

ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. గీత గీశాక అందరం గీతనే చూశాం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. మీసాలు రెండూ దక్కాయి. మామకు ఆ మీసంతోనే పెళ్లయింది. బాపు వేయించిన ఆ వరుసను తీయలేదు, వానకు పనికొచ్చింది. ఎండాకాలం నైట్ షిఫ్టు చేసొచ్చి బాపు పగలంతా ఆ కిటికీ కిందే పడుకునేవాడు. ఒక్క కిరణం కూడా ఆయన్ని లేపలేదు. నాయినమ్మ ఆ ఎండలో కూర్చుని చాలా చలికాలాలు నా జడ వేసింది.

మామ దగ్గర నేర్చుకున్న కర్ర లెక్క నేను ఇల్లు కట్టుకున్నప్పుడు పనికొచ్చింది. నాయినమ్మ దగ్గర నేర్చుకున్నది దానికంటే ఎక్కువసార్లు పనికొచ్చింది. ఏదో మాట పట్టింపుతో నా చెల్లెలూ నేనూ చాలాకాలం మాట్లాడుకోలేదు. ఒకరోజు పెద్దపల్లి నుంచి బస్సెక్కి వచ్చింది. మా గేటు దాకా వచ్చి, అక్కడే నిలబడిపోయింది. పిలవలేదు, లోపలికి రాలేదు. వచ్చినదానికి లోపలికి రావడానికేం రోగమని వాకిట్లో కుర్చీలో కూర్చుని కాసేపు చూశాను. అంతలోనే ఆమె ఎంత దూరం నుంచి వచ్చిందో నా కళ్లకు కనిపించింది. లేచి వెళ్లి గేటు తీశాను.