మూడో చప్పుడు

ఒరావా కొండల్లో శవపేటికను ఇల్లు దాటించేటప్పుడు గడపకు మూడుసార్లు తాకిస్తారు. పోయినవాడు ఇంటి దగ్గర సెలవు తీసుకోవడమన్నమాట. గడప దగ్గర కాలు తడబడని జాతి ఎక్కడా ఉన్నట్టు లేదు. అది వేరే పురాణం, వెండెలిన్ సంగతికొద్దాం.

1968లో సోవియట్ ట్యాంకులు దేశంలో దిగిన మరుసటి చలికాలం, తాను రాసుకున్న తొలి కథను సినిమాగా తీయడానికి వెండెలిన్ బ్రాటిస్లావా నగరం నుంచి ఆ కొండల్లోని ఒక ఊరికొచ్చాడు. బస పౌలీనా అనే ఆవిడ ఇంట్లో. షూటింగ్ సగంలో ఉండగా ఆమె భర్త గాష్పర్, అడవిలో చెట్లు కొట్టే మనిషి, దుంగ కింద పడి పోయాడు. అంత్యక్రియలు తీయనిస్తావా అని వెండెలిన్ బెరుకుగానే అడిగాడు. సరైన ఫొటో ఒక్కటీ లేని మనిషి, తియ్యి, కానీ నాకోసారి చూపించాలి అందామె. మాటిచ్చాడు.

పేటిక గడపకు ఒకసారి తాకింది, రెండోసారి తాకింది. కెమెరాలో ఫిల్ము అయిపోయింది. అలవాటు కొద్దీ వెండెలిన్ చెయ్యెత్తి, మళ్లీ మొదటినుంచి చేద్దామనేశాడు. వాకిట్లో జనం బిగుసుకుపోయారు.

"ఏం నాయనా, సెలవు చెప్పినవాణ్ని వెనక్కి పిలవమంటావా?" అంది పౌలీనా మెల్లగా.

మూడోసారి తాకించి తీసుకెళ్లిపోయారు. ఆ చప్పుడు స్టూడియోలో కలిపేద్దామన్నాడు సౌండ్ మనిషి. వెండెలిన్ ఒప్పుకోలేదు. దొరకనిది దొరకనట్టే ఉండాలన్నాడు.

సినిమాలకు అనుమతిచ్చే పార్టీ కమిటీకి పాదిరీ, శిలువ, ఏడుపులు నచ్చలేదు.

"ఆ శవాన్ని కోసెయ్ కామ్రేడ్, నీ సినిమా బతుకుతుంది," అన్నాడు అధ్యక్షుడు, నవ్వుతూనే.

"ఆమెకు చూపిస్తానని మాటిచ్చాను," అన్నాడు వెండెలిన్.

రీళ్లు ఇనపగదిలోకి వెళ్లాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అతని చేత బంగాళాదుంప పురుగు మీద, పళ్లు తోముకోవడం మీద చిన్న చిత్రాలు తీయించారు. స్టూడియోకు రాసి పంపిన కథలన్నీ వెళ్లినట్టే తిరిగొచ్చాయి. కొన్నాళ్లకు పంపడం మానేశాడు. పౌలీనాకు కబురు చేయడానికి మొహం చెల్లలేదు.

కమ్యూనిస్టు ప్రభుత్వం కూలిన ఏడాది ఇనపగది తెరిచారు. రీళ్లను తానే మోసుకుని ఒరావా వెళ్లాడు. పౌలీనా చేతికర్ర పట్టుకుని ఊరి హాలు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆలస్యం చేశావు నాయనా. ఈపాటికి ఆయన నా కొడుకులా కనిపిస్తాడు," అంది.

తెర మీద మంచు, జనం, మూత వేయకముందు గాష్పర్ మొహం, పేటిక. గడప మీద ఒక చప్పుడు, రెండో చప్పుడు. అక్కడితో బొమ్మ తెగి తెర తెల్లబడింది. వెండెలిన్ తల దించుకున్నాడు.

ఆ తెల్లని వెలుగులో పౌలీనా చేతికర్ర ఎత్తి, చెక్కనేల మీద ఒక్కసారి టక్కుమని తాకించింది.