ఫైటర్ చక్రాల ముందు బిందెడు నీళ్లు

1966 ఎండాకాలం. అప్పుడు నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌ని. దారి తప్పి, ఇంధనం అయిపోవచ్చిన ఒక ఫైటర్ విమానం ఉరవకొండ దగ్గర ఎండిన చెరువులో దిగింది. నాది ధర్మవరం, అక్కడి భాష వచ్చునని కాపలాకు నన్ను వదిలారు. భాష వచ్చి ఏం లాభం, మాట్లాడటానికి మనిషి ఉంటే కదా. కరువుకు ఊరు సగం ఖాళీ అయింది. పొద్దస్తమానం నేనూ, విమానమూ, గాలీ. అంత ఒంటరితనం నేను మళ్లీ ఎరగను.

కట్ట కింద గుడిసెలో ఓబులమ్మ అనే ఆమె ఒక్కతే ఉండేది. మధ్యాహ్నం నాకింత సంగటి తెచ్చేది. లారీలో ఇంధనం వచ్చిన రోజు డ్రమ్ము దగ్గర వాసన చూసింది.

"ఇది కిరసనాయిలు గదప్పా?"

"అట్లాంటిదేనమ్మా."

"ఇన్ని డ్రమ్ములు తాగుతాదా? మాకు బుడ్డిదీపానికి లేదు."

ఆ తాగుడే మాకూ తలనొప్పి. ఇంజిన్ వేడి గాలిని వెనక్కి తన్నితే విమానాన్ని ముందుకు తోసే బలమే థ్రస్ట్. ఇంధనం ఎక్కువ పోస్తే బరువు పెరిగి యాక్సిలరేషన్, అంటే వేగం అందుకోవడం, మందగిస్తుంది. లేచేలోపే కట్ట అడ్డం వస్తుంది. తక్కువ పోస్తే బెంగళూరు చేరదు. లారీలో తిరిగొచ్చిన పైలట్, నేను లెక్కలు వేసుకుని, చేరడానికి సరిపడా, ఆపైన కొంచెం పోశాం. చల్లగాలిలో థ్రస్ట్ బాగా వస్తుంది కాబట్టి తెల్లవారగానే ఇంజిన్ స్టార్ట్ చేశాం.

ఓబులమ్మ ఎటునుంచి వచ్చిందో, బిందెడు నీళ్లు ముందు చక్రం ఎదుట గుమ్మరించింది. ఆమెను పక్కకు లాగి, పైలట్ వైపు తిరిగి గొంతుకు అడ్డంగా చెయ్యి చూపించాను. పైలట్ ఇంజిన్ ఆపేశాడు.

"బుద్ధి ఉందా? ఇంజిన్ నిన్ను లోపలికి లాక్కుంటే?" అని అరిచాను.

"దూరం పోయేవాళ్లకు నీళ్లు వారపోస్తారు గదప్పా. మా ఇంటాయన కూలికి పోయిన పొద్దు ఇంట్లో చుక్క లేదు, పోయలేదు. రెండేండ్లాయ, కబురే లేదు. ఈ అబ్బాయన్నా బాగా చేరనీ అని."

కోసు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లవి. కానీ నల్లరేగడి తడిస్తే బంక. ముందు చక్రం దాన్ని చిమ్మితే ఇంజిన్ పీల్చుకుని లోపల తిరిగే రెక్కలు విరగ్గొట్టుకుంటుంది. లారీవాళ్లను పిలిచి విమానాన్ని పొడి నేలమీదికి తోశాం. ఇంజిన్ ఊరికే తిరిగి తాగిన ఇంధనం మాత్రం పోయింది.

"ఇంకొంచెం పొయ్యనా సార్?"

పైలట్ కట్టవైపు చూశాడు, పైకెక్కుతున్న ఎండవైపు చూశాడు. "బరువవుతుంది, వద్దు," అన్నాడు.

విమానం కట్టమీది తుమ్మచెట్లను రాసుకుంటున్నట్టు లేచింది. మోత పోయాక చెరువు మునుపటికన్నా బోసిగా అనిపించింది. మిగిలిన డ్రమ్ములకు మళ్లీ వస్తామని నన్ను కాపలా ఉంచి లారీ కూడా వెళ్లిపోయింది.

"చేరినాడని ఎట్ల తెలుస్తాది?" అంది ఓబులమ్మ.

"ఎవరన్నా వచ్చి చెప్పాలమ్మా."

"అయితే కూచుందాం. నాకు అలవాటే."

సాయంత్రం ఠాణా నుంచి జవాను సైకిల్ మీద వచ్చి, విమానం క్షేమంగా దిగిందని చెప్పాడు. ఆమె ముఖం వెలిగింది. అతను సైకిల్ తిప్పుకుంటుంటే అడిగింది.

"మా ఇంటాయన కబురేమన్నా ఉండాదా, నాయనా?"

అతను నా ముఖం చూశాడు. నేను నేల చూశాను.

ఆ తర్వాత సర్వీసులో ఏ విమానాన్ని పంపినా, దిగిందన్న కబురు వచ్చేదాకా నేను హ్యాంగర్ వదల్లేదు. తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. పంపడం సగం పనే అని నాకు ఓబులమ్మ దగ్గర తెలిసింది. నా మిగతా సగం ఆ సాయంత్రమే పూర్తయింది. ఆమెది ఎప్పటికైనా పూర్తయిందో లేదో నాకు తెలియదు.