చెంగయ్య చూడని సినిమా

చెన్నైలో కోడంబాక్కం రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటుకు చెంగయ్య వాచ్‌మన్. వయసు డెబ్బై రెండు. మెట్ల కింద ఒకటిన్నర గదిలో భార్య మంగళతో కాపురం. ఆయన ఒకప్పుడు సినిమాల్లో పనిచేశాడని ఆ బిల్డింగులో ఎవరికీ తెలియదు. కోడంబాక్కం ముసలివాళ్ళలో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు సినిమాల్లో పనిచేసినవాళ్ళే కాబట్టి ఎవరూ అడగనూ లేదు.

ఒక శనివారం పొద్దున, మూడో అంతస్తులో అద్దెకుండే సంయుక్త చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని ఆటో దిగింది. విజయవాడ పిల్ల, ఐటీ కంపెనీలో ఉద్యోగం. లిఫ్టు రావడం ఆలస్యమైతే చుట్ట విప్పి, ఎక్కడైనా చిరిగిందేమోనని గోడకానించి చూసుకుంటోంది. పాత సినిమా పోస్టరు. నల్లటి దున్నపోతు, ఎర్రటి కళ్ళు, ముక్కుల్లోంచి పొగ, కొమ్ము చివర రక్తం. దాని కాళ్ళ కింద వెల్లకిలా పడి అరుస్తున్న జమీందారు.

చెంగయ్య కుర్చీలోంచి లేచాడు. కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఇది మా దొర," అన్నాడు.

"ఎవరు తాతా, ఈ జమీందారా?"

"ఆయన కాదు పాపా. దున్నపోతు. దాని పేరు దొర. నేనే పెంచినా."

లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుని పైకెళ్ళిపోయింది. సంయుక్త నోరు తెరుచుకుని అలాగే నిలబడింది.

ఆ పిల్లకు పాత భయం సినిమాలంటే పిచ్చి. అందులోనూ జంతువులు పగబట్టేవి. పాములు, నల్లపిల్లులు, గబ్బిలాలు, మొసళ్ళు. తనలాంటివాళ్ళు నలభై మంది కలిసి నెలకో ఆదివారం చిన్న ప్రివ్యూ థియేటరు తీసుకుని ఆ సినిమాలు వేసుకుంటారు. ఈ దున్నపోతు సినిమా కోసం రెండేళ్ళు వెతికితే రీళ్ళు ఏదో గోడౌనులో దొరికాయి, వాటిని డిజిటల్‌లోకి మార్పించుకున్నారు. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో టీవీలో సగం చూసి, భయంతో దుప్పటి ముసుగేసుకుందట. చివరేమైందో ఇప్పటికీ తెలియదట.

"ఏముందని చూస్తారు పాపా ఇవి? ఇప్పుడు ఇంతకంటే పెద్ద పెద్ద భూతాలు వస్తా ఉండాయి గదా?" అని అడిగాడు చెంగయ్య.

"అవన్నీ కంప్యూటర్ బొమ్మలు తాతా. ఎంత నోరు తెరిచినా నాకు భయం వేయదు. మీ దొర నిజంగా ఉంది. హీరోయిన్ పక్కన నిజంగా నిలబడింది. దాని ఊపిరికి ఆవిడ చీర కొంగు కదులుతుంది చూడండి, అది చాలు నాకు. ఇంకోటేంటంటే, అది చెడ్డది కాదు. మనుషులు దాని యజమానిని చంపారు, అది పగ తీర్చుకోడానికి వచ్చింది. చూసేవాళ్ళందరం దాని వైపే."

చెంగయ్యకు ఆ మాట నచ్చింది. కుర్చీ పక్కన మెట్టు మీద ఆ పిల్లను కూర్చోబెట్టి, ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ చెప్పని కథ చెప్పాడు.

ఆయన ఇరవయ్యేళ్ళ వయసులో, సినిమాలకు గుర్రాలూ కోతులూ పావురాలూ తెచ్చే ఏజెంటు దగ్గర పనికి కుదిరాడు. ఒకసారి మాధవరం పాల కాలనీకి పోతే, మగదూడ, దీనికి పాలు దండగని తల్లి దగ్గర తాగనివ్వకుండా ఒక బర్రెదూడను మూలన పడేసి ఉన్నారు. దాన్ని సైకిలు వెనక గంపలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. కొత్తగా కాపురానికొచ్చిన మంగళ తిట్టుకుంటూనే దానికి గంజి తాగించింది. పెరిగి పెద్దదై, ఎవరు హారన్ కొట్టినా లెక్కచేయకుండా నడిరోడ్డు మీద తీరిగ్గా నడిచేది కాబట్టి వీధివాళ్ళే దొర అని పేరు పెట్టారు. అంత శాంతమైన జంతువు ఇంకోటి లేదు. ఆ దొరను దయ్యం పట్టిన దున్నపోతుగా సినిమాలోకి తీసుకున్నారు.

"ఒళ్ళంతా నూనెలో మసి కలిపి రుద్దేవాణ్ణి. కాగితం గుజ్జుతో కొమ్ములు పెద్దవి చేసినారు. ముక్కుల్లోంచి వచ్చేది సాంబ్రాణి పొగ. అది హీరోయిన్ మీదికి దూకుతా వస్తుంది గదా, ఆయమ్మ వెనకాల బెల్లం ముక్క పట్టుకుని నేను నిలబడుంటా. దొరా దా, అంటే చాలు, నాకోసం పరిగెత్తుకుంటా వచ్చేది."

సంయుక్త పడి పడి నవ్వింది. తర్వాత, "మరి దొర ఏమైంది?" అని అడిగింది.

చెంగయ్య గొంతు తగ్గించాడు. చివరి షూటింగు ఎన్నూరు దగ్గర, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చే క్రీక్ గట్టున జరిగింది. ప్రొడక్షన్ మేనేజరు వరదరాజులు ఆయన్ను పిలిచి, మేత అయిపోయింది, వ్యాను తీసుకుపోయి పచ్చగడ్డి తెమ్మన్నాడు. గడ్డితో తిరిగొచ్చేసరికి ప్యాకప్ అయిపోయి సామాను లారీల్లో ఎక్కిస్తున్నారు. దొర లేదు. తాడు తెంపుకుని నీళ్ళలో దూకి అవతలి గట్టుకు ఈదుకుంటూ పోయిందన్నారు. బర్రెజాతికి నీళ్ళు కొత్తా? చెంగయ్య నమ్మాడు. క్రీక్ అవతల ఉన్న జాలర్ల కుప్పాలన్నీ నెలరోజులు కాళ్ళు పుండ్లు పడేలా తిరిగాడు. దొరకలేదు. ఎవరో మంచివాళ్ళు కట్టేసుకుని ఉంటారులే అని మంగళ ఓదార్చింది. ఆ తర్వాత ఆయన జంతువుల పని మానేసి, సెట్లకు రంగులు వేసే పనికి మారాడు. సినిమా విడుదలైంది, ఊళ్ళో బాగానే ఆడింది. ఆయన చూడలేదు. ఎదురుగా లేని దాన్ని తెర మీద చూసి ఏడవడమెందుకనుకున్నాడు.

"రేపు చూద్దురుగాని తాతా. మీరే మా చీఫ్ గెస్టు," అంది సంయుక్త.

ఆదివారం పదకొండింటికి ఆట. మోకాళ్ళ నొప్పులతో మంగళ రాలేనంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తీసిచ్చి, "దాన్ని నా కోసం కూడా చూసిరాయ్యా," అని పంపింది. థియేటరులో ముందు వరసలో కూర్చోబెట్టి, ఈయనే దొరను పెంచిన మనిషి అని సంయుక్త చెప్పగానే పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. చెంగయ్యకు సిగ్గేసింది, గర్వంగానూ ఉంది.

పొగమంచులోంచి దొర మొదటిసారి తెర మీదికొచ్చినప్పుడు హాలంతా కేకలు. వెనకెవరో ఈల వేశారు. చెంగయ్య మాత్రం తొడలు చరుచుకుని నవ్వాడు. పక్కనున్న సంయుక్త చెవిలో, "ఆ చెట్టు వెనకాల నేనుండా," "అదిగో, ఇప్పుడు బెల్లం వాసన తగిలింది చూడు దానికి," అని ప్రతి సీనుకూ చెబుతూనే ఉన్నాడు. నలభై ఏళ్ళ తర్వాత దాని నడక, దాని చెవులు, వీపు మీది సుడి అన్నీ మళ్ళీ కళ్ళ ముందున్నాయి. రెండు గంటలు ఆయన కోడంబాక్కంలో లేడు.

చివరి ఘట్టం వచ్చింది. క్రీక్ గట్టు, దూరంగా థర్మల్ స్టేషను గొట్టాలు. కథ ప్రకారం దున్నపోతు జమీందారును కొమ్ములకు గుచ్చుకుని నీళ్ళలోకి దూకాలి. ఇద్దరూ మునిగిపోవాలి. జమీందారు బదులు గడ్డిబొమ్మను కొమ్ములకు కట్టారు. దొర గట్టు మీద నుంచి నీళ్ళలో పడింది.

చెంగయ్య నవ్వు ఆగిపోయింది. అది దూకలేదు. ఎవరో వెనకనుంచి తోశారు. పడేటప్పుడు ముందుకాళ్ళు రెండూ ఒక్కటిగా పైకి లేచాయి. ఏ జంతువూ అలా దూకదు. నీళ్ళలో తల పైకొచ్చింది. మునిగింది. మళ్ళీ వచ్చింది. కళ్ళు తెల్లగా తిరిగాయి. తల పక్కకు తిప్పి, ముక్కు పైకెత్తి, మెడ సాచి నోరు తెరిచింది. హాల్లో పులి గాండ్రింపు లాంటి శబ్దం దద్దరిల్లింది. అది రికార్డింగులో వేసిన శబ్దం. ఆ నోరు తెరిచిన తీరు చెంగయ్యకు తెలుసు. ఆకలేసినా, చీకట్లో ఒంటరిగా ఉన్నా, ఆయన ఇంటికి రావడం ఆలస్యమైనా, దొర అలాగే మెడ సాచి పిలిచేది.

హాలంతా ఈలలు, చప్పట్లు.

"ఆపండి! ఆపండయ్యా!" చెంగయ్య లేచి నిలబడి అరిచాడు. ఆయన నీడ తెర మీద పడింది. "దాన్ని చంపేస్తా ఉండారు! చూడండయ్యా, చంపేస్తా ఉండారు!"

ఈలలు ఆగలేదు. ముసలాయన కూడా సరదాపడుతున్నాడని కొందరు నవ్వారు. సంయుక్త ఆయన మొహం చూసి ప్రొజెక్టరు దగ్గరికి పరుగెత్తింది. బొమ్మ ఆగింది. లైట్లు వేశారు.

"మళ్ళీ వెయ్యి పాపా. పడే కాడ్నించి వెయ్యి."

"వద్దు తాతా."

"వెయ్యమంటా ఉండానా!"

వేసింది. మెల్లగా, ఒక్కో బొమ్మా ఆపుతూ. ఈసారి అందరికీ కనిపించింది. ముందుకాళ్ళ మధ్య కొబ్బరిపీచు తాడు. మెడ కింద వేలాడుతున్న ఇసక మూట. రెండు నిమిషాల పాటు నీళ్ళ మీద ఒక మూతి, తర్వాత ఉత్త నీళ్ళు. దాని మీద 'శుభం' అని అక్షరాలు పడ్డాయి. అంతకుముందు ఈల వేసిన అబ్బాయి లేచి బయటికెళ్ళిపోయాడు.

వరదరాజులు బతికే ఉన్నాడని, సాలిగ్రామంలో కొడుకు దగ్గర ఉంటాడని చెంగయ్యకు తెలుసు. ఇంటికి కూడా పోకుండా ఆటో ఎక్కాడు. ఒంటరిగా పంపలేక సంయుక్త కూడా ఎక్కింది.

ఎనభై ఆరేళ్ళ వరదరాజులు వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. చెంగయ్యను గుర్తుపట్టి సంతోషపడ్డాడు. లోపలికి కేకేసి కాఫీ తెమ్మన్నాడు.

"సార్, ఎన్నూరులో నా దున్నపోతు తప్పిచ్చుకుని పోయిందని చెప్పినారు గదా," అన్నాడు చెంగయ్య నిలబడే.

వరదరాజులు వింతగా చూశాడు. "ఏరా, నువ్వింకా అదే అనుకుంటా ఉండావా? యూనిట్లో అందరికీ తెలుసు గదరా!"

చెంగయ్య గోడ పట్టుకున్నాడు. అందరికీ తెలుసు. ఆ సినిమాకు పనిచేసిన లైట్‌బాయ్‌లు, మేకప్‌వాళ్ళు, తర్వాత ఇరవై ఏళ్ళు తనతో కలిసి టీ తాగినవాళ్ళు, దొర ఎక్కడైనా కనబడిందా అని తానడిగితే తలలు అడ్డంగా ఊపినవాళ్ళు.

"డైరెక్టరు మునగాలన్నాడు," అని వరదరాజులు మామూలుగా చెప్పుకుపోయాడు. "అదేమో మునగదు. రెండు మాట్లు తోసినాం. రెండు మాట్లూ ఈదుకుంటా గట్టెక్కొచ్చి, నువ్వు యాడుండావో అని చూస్తా నిలబడింది. ఇంక వెలుతురు పోతా ఉంది. కాళ్ళు కట్టినాం. నువ్వుంటే ఒప్పుకోవని తెలిసే నిన్ను గడ్డికి పంపింది."

"ఎవురు కట్టినారు సార్?"

"ఇప్పుడెందుకురా అవి? నేనే కట్టినా. ఆ పొద్దు షాటు కాకపోతే నా ఉద్యోగం ఊడేది. జంతువే గదా. కూర్చో, కాఫీ తాగు."

సంయుక్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొట్టాలని వచ్చిన చెంగయ్యకు చెయ్యి లేవలేదు. ఏళ్ళ అలవాటు కొద్దీ చేతులు జోడించి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. గేటు దగ్గరికొచ్చాక గానీ తానేం చేశాడో తెలిసిరాలేదు. "వాడికి దండం పెట్టినా పాపా," అని అక్కడే, ఎండలో, ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

మంగళకు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆమె విని ఏడవలేదు. "నెల దినాలు ఎదికినావే," అంది. కాసేపటికి మళ్ళీ, "నెల దినాలు ఎదికినావే, ఒక్కడన్నా చెప్పలా?" అంది. ఆ రోజంతా అదే మాట. పక్కింటివాళ్ళకు చెప్పింది, నీళ్ళ క్యాను తెచ్చిన మనిషికి చెప్పింది.

వారం తర్వాత సంయుక్త వాళ్ళ గదికొచ్చింది. "ఆ సినిమా ఇంక మేం వెయ్యం తాతా. చివరి మూడు నిమిషాలు కత్తిరించేద్దామని కొందరంటున్నారు. నాకైతే అలాంటి సినిమా ఏదీ చూడబుద్ధి కావట్లేదు. మిగతావాటిలో ఏం జరిగిందో ఎవరికి తెలుసు?"

చెంగయ్య తల అడ్డంగా ఊపాడు. "కత్తిరించొద్దు పాపా. అది తీసేస్తే, దొర ఈదుకుంటా పోయిందని ఇంకొకడు చెప్తాడు. నేను నలభై రెండేళ్ళు నమ్మలా? ఎయ్యి. ముందు నన్ను మాట్లాడనియ్యి."

తర్వాతి నెల ఆదివారం హాలు నిండింది. నిలబడి కూడా చూశారు. మోకాళ్ళ నొప్పులతోనే మంగళ వచ్చి ముందు వరసలో కూర్చుంది. చెంగయ్య మైకు వద్దని, ఉత్త గొంతుతోనే చెప్పాడు. దొర ఎలా తినేది, ఎలా నడిచేది, తెర మీద అది ఎవరి కోసం పరిగెడుతోంది, చివర్లో దాన్ని ఏం చేశారు. చెప్పి వచ్చి మంగళ పక్కన కూర్చున్నాడు.

క్రీక్ గట్టు వచ్చేసరికి సంయుక్త సౌండు పూర్తిగా తీసేసింది. గాండ్రింపు లేదు, సంగీతం లేదు. దొర మెడ సాచి నోరు తెరిచింది. మంగళ కుర్చీలో ముందుకు వంగి, "వస్తా ఉండాం నాయనా," అంది. హాల్లో అందరికీ వినిపించింది. చెంగయ్య ఈసారి లేవలేదు, కళ్ళు కూడా మూసుకోలేదు. నీళ్ళు మళ్ళీ కదలకుండా అయ్యేదాకా చూశాడు.