దేశాల పుస్తకంలో ఆగిపోయిన బావులు

అజీముద్దీన్ చాచా మా ఊరి నీళ్లను సీసాల్లో పోసి దుబాయికి అమ్ముకుంటున్నాడని మా మగ్గాల వాడలో ఒక పుకారు. కళ్లారా చూసినవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌కు ఎవరు బయల్దేరినా చాచా బస్టాండుకు వచ్చి, సీసా నిండా బోరు నీళ్లు వాళ్ల బ్యాగులో కుక్కి పంపుతాడు. సీసాలో నీళ్లున్నమాట నిజం, అవి గల్ఫ్‌కు పోయేమాట నిజం. అమ్మకం ఒక్కటే జనం కలుపుకున్నది.

చాచాకు మనుషులు గుర్తుండరు, వాళ్ల బోర్లు గుర్తుంటాయి. కరీంనగర్ నుంచి ధర్మపురికి పోయే దారిలో ఆయనకు మోటర్ వైండింగ్ దుకాణం ఉంది. ఊళ్లో కాలిపోయిన మోటర్లన్నీ నలభై ఏళ్లుగా ఆయన చేతుల మీదుగానే బాగుపడ్డాయి. ఎవరి బోరు ఎన్ని ఫీట్లో నిద్రలో అడిగినా చెప్తాడు. ఆ ఇంటివాళ్ల పేరు అడిగితే మాత్రం పైకి చూస్తాడు. నన్ను ఎన్నడూ పేరుపెట్టి పిలవలేదు. "నూట ఎనభై ఫీట్ల బేటీ, జర ఇటు రా" అంటాడు. మా ఎదురింటి సక్కుబాయి ఆయనకు 'మూడొందల ఇరవై'. ఇచ్చోడ నుంచి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్లయిన సక్కుబాయి, "ఇంటాయన గూడ నన్ను గింత లోతుగ ఎరగడు" అని నవ్వుతుంది.

ఎవరింటికి వెళ్లినా చాచా కూర్చోకముందే గ్లాసెడు నీళ్లు అడుగుతాడు. తాగడానికి కాదు. జేబులోంచి సన్నని కాగితం పట్టీ తీసి అందులో ముంచి, చేతి గడియారం చూస్తూ నిలబడతాడు. పొలాల్లో చల్లిన ఎరువు, మురుగుగుంతల్లో చేరిన మురికి భూమిలోకి దిగి నీళ్లలో కలిస్తే నైట్రేట్ అవుతుంది. అది ఉంటే పట్టీ గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే నీళ్లు అంత చెడ్డవి. పట్టీల డబ్బా మీది రంగులతో పోలిస్తే అంకె తెలుస్తుంది; అది నలభై అయిదు దాటితే తాగొద్దు. ఇదంతా నాకు చాచా చెప్పిందే. తొమ్మిదో తరగతిలో నా బడి ఆగిపోయాక, నా రాత బాగుందని ఆయన నీళ్ల లెక్కల పుస్తకాలు నాకు అప్పగించాడు. తన రాత తనకే అర్థం కాదు.

ఒకరోజు మాటల్లో పడి సక్కుబాయి ఇచ్చిన చాయ్‌లో పట్టీ ముంచాడు.

"చాచా, గది చాయ్."

"నీళ్లు లేకుండ చేసినవా?"

"నీళ్లున్నయి, పాలున్నయి, ఆకున్నది."

చాచా పట్టీని వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు. "గీ రంగు నా డబ్బా మీద లేదు."

"చక్కెర తక్కువైందని అర్థం. తాగు."

మా పక్కింటి కుమార్ మొదటిసారి పాస్‌పోర్టుకు పెట్టుకున్నప్పుడు, విచారణకు వచ్చిన పోలీసాయన చాచా దుకాణం ముందు ఆగాడట.

"కుమార్ ఎట్లాంటోడు?"

"నలభై."

"వయసు కాదు పెద్దమనిషీ, గుణం చెప్పు."

"గుణమే చెప్తున్న. నలభై అయిదు దాటలే."

పోలీసాయన మంచివాడనే రాసుకుని పోయాడు. కుమార్ ఒమన్‌లో ఖర్జూరం తోట పనికి వెళ్లాడు.

చాచాకు రెండు పుస్తకాలు. ఒకటి ఊరిది, ఒకటి దేశాలది. గల్ఫ్‌కు పోయేవాళ్లకు సీసాతో పాటు పట్టీల డబ్బా కూడా ఇస్తాడు. సీసా మీద మన నీళ్ల అంకె రాసి ఉంటుంది. అక్కడ దిగాక ముందు అందులో ముంచి, పట్టీ అదే అంకె చూపితే పట్టీలు మంచివని తెలుసుకోవాలి. ఆ తర్వాత తాము తాగే బావిలో ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి ముంచి ఫొటో పంపాలి.

"ఈడ వానలే పడయి చాచా" అన్నాడు కుమార్ ఫోన్లో.

"అయితే మన వానలు చూసి పంపు."

తొమ్మిదేళ్లు పంపాడు. ఫొటో వచ్చినప్పుడల్లా అతని భార్య బాలలక్ష్మి మగ్గం ఆపి దుకాణానికి వచ్చేది. చాచా పట్టీని చూసేవాడు. ఆమె ఆ పట్టీని పట్టుకున్న కుమార్ బొటనవేలిని చూసేది. వేలు ఎప్పటిలాగే ఉండేది. పట్టీ మాత్రం ఏటేటా ముదురుతూ వచ్చింది.

"నీళ్లు మంచిగనే ఉన్నయి చాచా. తియ్యగుంటయి" అనేవాడు కుమార్.

"నీ నాలుక గా నీళ్లకు అలవాటైంది. దాన్నేం అడుగుతవ్?"

"వేరే నీళ్లు తెప్పియ్యమని మేస్త్రీకి చెప్పమంటవా?"

"పోయినేడు చెప్పినవ్ గద. ఏమన్నడు?"

"నవ్విండు."

పోయినేడు ఎండాకాలంలో చాచా పుస్తకాల సంగతి విని హైదరాబాద్ నుంచి దీపిక అనే అమ్మాయి వచ్చింది. ఏ దేశంలో భూమిలోపలి నీళ్లు ఏళ్ల తరబడి ఎట్లా పాడవుతున్నాయో పోల్చి చూడటం ఆమె పని. చాచా మామూలుగానే మొదలుపెట్టాడు.

"మీది ఎన్ని ఫీట్లమ్మా?"

"మాది అపార్ట్‌మెంట్ సర్. ట్యాంకర్ వస్తుంది."

చాచా ఆమెను తల్లీతండ్రీ లేని పిల్లను చూసినట్టు చూసి, కుర్చీ వేయించాడు.

దేశాల పుస్తకంలో కుమార్ బావి దగ్గర దీపిక ఆగిపోయింది. ఒకే బావి, తొమ్మిదేళ్లు, ఏడాదికి రెండు అంకెలు, ఒక్కటీ తప్పలేదు.

"ఇలాంటిది మాకెక్కడా దొరకలేదు సర్. పదేళ్లు నిండితే మా అధ్యయనంలో తీసుకుంటాం. ఇంకో రెండు రీడింగులు చాలు. మీ పేరు వేస్తాం."

"పేరు ఏస్తరా?" అన్నాడు చాచా. పుస్తకం తన వైపు తిప్పుకుని, "ఫీట్లు గూడ ఏస్తరా?" అన్నాడు.

ఆ వారమంతా గడ్డం దువ్వుకుని దుకాణానికి వచ్చాడు.

వానలకు ముందు రావాల్సిన ఫొటో వచ్చింది. పట్టీ రంగు డబ్బా మీద ఉన్న ఆఖరి రంగును కూడా దాటిపోయింది. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. చాచా అంకె చెప్పలేదు. ఫోన్ తీశాడు.

"అరె బేటా, దుకాణంల పని మస్తు పెరిగింది. మనిషి కావాలె. దసరా లోపల రా."

ఆ సమయంలో దుకాణంలో ఒక్కటే మోటర్ ఉంది. దాని ముందు అప్పటికే ఇద్దరు పనివాళ్లు కూర్చుని ఉన్నారు.

"నాకు వైండింగ్ రాదు గద చాచా."

"పుట్టంగనే నాకు వచ్చిందా?"

"ఇంకొక్కసారి పంపితే పదేండ్లు నిండుతయి. నీ లెక్క ఆగిపోతది."

"నా లెక్క ఫికర్ నీకెందుకు? సామాను సదురుకో."

కుమార్ దసరాకు వచ్చాడు. ఆ తర్వాత నెలకు దీపిక వచ్చింది. దుకాణంలో పాడైన మోటర్‌ను ఇంకొంచెం పాడుచేస్తూ కనిపించాడు కుమార్. పుస్తకం తెరిచి చూసి ఆమె తల పట్టుకుంది.

"ఒక్క రీడింగ్ సర్. ఒక్కటి ఉంటే సరిపోయేది."

"గా ఒక్కటి రావాల్నంటె అప్పటిదాంక గా నీళ్లు వీడు తాగాలె గదమ్మా."

దీపిక పుస్తకం కింద పెట్టింది. తర్వాత తన కాగితం తీసింది. లెక్క ఎందుకు ఆగిందో రాయాలట. బావి ఎండిపోయింది, బావి పూడ్చేశారు, పరికరం చెడిపోయింది. మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. మూడూ చదివి వినిపించింది. చాచా మూడింటికీ తల అడ్డంగా ఊపాడు.

"సరే, బహ్రెయిన్ బావి ఆరేళ్లకే ఎందుకు ఆగింది?"

"అగో, చాయ్ తాగుతుండు."

"కువైట్ది?"

"వాని పక్కన."

దీపిక పేజీలు తిప్పింది, నేను అంకెలు చెప్పాను. దేశాల పుస్తకంలో మొత్తం పద్నాలుగు బావులు. మూడింటి లెక్క ఇంకా వస్తోంది. పదకొండు ఆగిపోయాయి. ఆ పదకొండు బావుల నీళ్లు తాగినవాళ్లు పదకొండు మందీ ఇప్పుడు మా ఊళ్లోనే ఉన్నారు.