మంచం నుంచి కుర్చీకి

మా క్లినిక్ రాంగోపాల్‌పేటలో, బట్టల దుకాణాల వెనక సందులో ఉంటుంది. నడుము పట్టేసినవాళ్లు మెట్లెక్కలేరని కింది వాటా కోసమే చాలా రోజులు తిరిగి ఆ గది తీసుకున్నాను. నేను కైరోప్రాక్టర్‌ని. వెన్నెముకను చేతులతో సరిచేయడం నా పని. బోర్డు మీద పొడుగు పేరున్నా, వచ్చేవాళ్లందరికీ నేను నడుము డాక్టరమ్మనే.

బొల్లారం వైపు నుంచి మిలిటరీలో రిటైరైనవాళ్లు చాలామంది వస్తారు. ఏళ్ల తరబడి లారీల కుదుపులకు, వీపు మీది బరువులకు నడుములో డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతుంది. పిర్ర నుంచి మడమ దాకా కాలు మండిపోతుంది. దాన్నే సయాటికా అంటాం. ఈ మనుషులు నొప్పిని ఎప్పుడూ తక్కువ చేసే చెబుతారు. పదిలో ఎంత అని అడిగితే మూడు అంటారు, గోడ పట్టుకుని.

ఆయన కూడా మూడే అన్నాడు. రిటైర్డ్ హవల్దార్, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. సర్వీసంతా కొండదారుల్లో మిలిటరీ లారీలు నడిపాడు. కూర్చుంటే కాలు మండుతుందని, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చేవాడు.

ఎముక టక్కుమనేలా తిప్పే పద్ధతి ఆయన డిస్కుకు పనికిరాదు. అందుకని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కాళ్ల వైపు భాగాన్ని నెమ్మదిగా కిందికి దించుతూ వెన్నుపూసల మధ్య కాస్త చోటు చేసేదాన్ని. వెళ్లేటప్పుడు నిటారుగా నడిచి వెళ్లేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ ఒక పక్కకు ఒరిగిపోయి వచ్చేవాడు. నాలుగైదు వారాలు ఇలాగే జరిగాక నాకు ఓపిక పోయింది.

"చాచా, ఇంట్ల ఏమన్న బరువులు లేపుతున్నరా?"

"బరువేమున్నదమ్మా మా ఇంట్ల?"

"గ్యాస్ సిలిండరు, నీళ్ల బిందెలు?"

"సిలిండరు పక్కింటోళ్లు పెట్టిపోతరు. నేను ముట్టనే ముట్ట."

నేను నమ్మలేదు. చెప్పిన మాట వినని మనుషుల్లో ఆయన్నూ కలిపేశాను.

తర్వాత రెండు వారాలు రాలేదు. మూడో వారం వాళ్ల పక్కింటామె ఫోన్ చేసింది. ఆయన పడిపోయాడని, లేవలేకపోతున్నాడని, మీ పేరే చెబుతున్నాడని అంది. ఆ మధ్యాహ్నమే బొల్లారం వెళ్లాను.

ముందు గదిలో చాప మీద ఆయన పడుకుని ఉన్నాడు. పక్కన మంచం మీద ఆయన భార్య ఉంది. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి మూడేళ్లయిందట. మాట కూడా పోయింది. ఒక్క 'చాలు' అనే మాట మాత్రం మిగిలింది. అవునన్నా, కాదన్నా, నీళ్లు కావాలన్నా ఆమెకు అదే మాట. పిల్లలు లేరు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి స్నానాల గదికి, తిరిగి మంచానికి రోజుకు ఏడెనిమిదిసార్లు ఆయనే ఎత్తి కూర్చోబెట్టేవాడు. ఆ వారం సోమవారంనాడు ఎత్తుతుండగా కాలు మడతపడి ఇద్దరూ కింద పడ్డారు. పక్కింటామె వచ్చేదాకా అలాగే నేల మీద ఉండిపోయారు. ఆయన తన చెయ్యిని ఆమె తల కింద పెట్టి ఉంచాడట.

"ముందే చెప్పొచ్చు కదా చాచా," అన్నాను, పరీక్ష చేస్తూ.

ఆయన గొంతు తగ్గించాడు. "మీరు బరువులు లేపుతున్నరా అని అడిగిన్రు. అవునంటే ఆమెను బరువన్నట్టయితది కద బేటీ."

చాప మీదే వీలైనంత చికిత్స చేసి లేపాను. ఆ తర్వాత కొన్నాళ్లు నేనే వారానికోసారి వాళ్లింటికి వెళ్లాను. ఆమె నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, మోకాలికి మోకాలు ఆనించి, ఎత్తకుండా తిప్పి కూర్చోబెట్టడం నేర్పాను. ఆమె ఎడమకాలితో నేలను తన్ని ఊతమివ్వడం నేర్చుకుంది. ఇద్దరూ ఒకేసారి కదిలినప్పుడు ఆమె నవ్వేది, సగం ముఖంతోనే.

ఒకరోజు నేను వెళ్లేసరికి ఆయన మిలిటరీ ఆసుపత్రికి బయలుదేరుతున్నాడు. వంగలేడు కాబట్టి బూటు కాలిని మంచం అంచున పెట్టాడు. ఒక లేసు కొస ఆయన పట్టుకుంటే, రెండో కొసతో ఆమె ఎడమచేత్తో ముడి వేస్తోంది. చాలాసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

చలికాలం మొదట్లో ఆయన పాదం వాలిపోవడం మొదలైంది. మడమ మీద నిలబడమంటే వేళ్లు పైకి లేవడం లేదు. నరం దెబ్బతింటోందని అర్థం. నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నా గొంతు కటువుగా మారుతుంది. ఆమె మంచం పక్కనే నిలబడి, ఆమె వైపు చూడకుండా, ఆయనతో అన్నాను.

"ఇంకో నెల గిట్లనే ఆమెను లేపుకుంట ఉంటే మీ కాలు పడిపోతది. ఆపరేషన్ సుత పనిచెయ్యదు. మీరు సుత మంచం పడితే ఇద్దర్ని ఎవరు చూస్తరు?"

మాట రానివాళ్లకు మాట వినబడదన్నట్టు మాట్లాడాను. ఇన్నేళ్లుగా రోగులతో పనిచేస్తున్నదాన్ని, ఆ చిన్న సంగతి నాకు తోచలేదు. ఆమె గోడ వైపు తల తిప్పుకుంది. అలసిపోయిందనుకుని ఆమె తల మీది చున్నీ సరిచేసి వచ్చేశాను.

తర్వాత రెండు వారాల్లో ఆయన నొప్పి తగ్గింది. ఆమెను ఇప్పుడు రోజుకు రెండు మూడుసార్లే లేపాల్సి వస్తోందని ఫోన్లో చెప్పాడు. బెల్టు పద్ధతి పనిచేస్తోందని నేను సంతోషించాను. లేపడం ఎందుకు తగ్గిందని అడగలేదు.

మూడో వారం ఆమెకు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చేసరికే మూత్రంలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఒళ్లంతా ఎండిపోయి ఉందని, చాలా రోజులుగా నీళ్లు తాగినట్టు లేదని డాక్టర్లు అన్నారట. నాలుగో రోజు పోయింది.

ఆమె కోసం నలభయ్యో రోజు చదివించే ఫాతిహా ప్రార్థన అయిపోయిన తర్వాత ఆయన క్లినిక్‌కు వచ్చాడు. ఆ సమయంలో వేరే రోగులెవరూ లేరు. నేను ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

"చాచా, ఆ రోజు నేను ఆమె ముందర అట్ల అనొద్దుండె. నా మాట విన్నంకనే ఆమె నీళ్లు బంద్ చేసింది. తప్పు నాది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అవును, ఆ రోజు కూర్చోగలిగాడు.

"ఆ రోజు సాయంత్రమే షురూ చేసింది," అన్నాడు. "గ్లాసు నోటికి పెడితే పెదవి తడుపుకుని చాలు అనేది. చాయ్ సుత అంతే. రెండు దినాలల్ల నాకు సమజైంది, బాత్రూంకు లేపుడు తప్పాలనే తాగుతలేదని. సమజై సుత ఊకున్న బేటీ. జబర్దస్తీగ తాగిపియ్యలే. నాకు నొప్పి గట్లుండె. ఆమె పిలువకుంటే బాగుండని నేను సుత అనుకున్న."

మీ తప్పు లేదని అనడానికి నోరు రాలేదు. అది ఆయన నమ్మే మాట కాదు. నేను నమ్మే మాట కూడా కాదు.

ఆయనే లేచి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాలు చూడమన్నాడు. మోకాలు వంచకుండా మెల్లగా పైకెత్తాను. ఇన్ని నెలల్లో సగం దాకా కూడా రాని కాలు పూర్తిగా పైకి లేచింది.

"నొప్పున్నదా?"

లేదని తల ఊపి, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. కాలిని మెల్లగా కిందికి దించి, అక్కడే నిలబడ్డాను. ఆయన భుజాలు కదులుతున్నాయి.

వానాకాలానికి పాదంలో చాలావరకు బలం వచ్చింది. ఆపరేషన్ అవసరం లేదన్నారు. ఇక నాతో పని లేదని చెప్పినా, నెలకోసారి బొల్లారం నుంచి బస్సెక్కి వస్తాడు. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నడుము మీద చెయ్యి పెడతాను. ఆయన కళ్లు మూసుకుంటాడు. పదిలో ఎంత అని నేనిప్పుడు అడగను.