ఊకలో ఐసు, అవ్వ ఒడిలో ఫ్లాస్కు

మొన్న చెరుకురసం బండివాడు గోనెపట్టా విప్పి, ఊక దులిపి ఐసుగడ్డ బయటికి తీశాడు. ఆ తడి ఊక వాసనకు నాకు సుల్తానా మేడం గుర్తొచ్చారు. తొంభైల మొదట్లో నల్గొండలో చిన్న ల్యాబ్ నడిపిన డాక్టరు ఆవిడ. నేను ఆవిడ దగ్గర కొత్తగా చేరిన టెక్నీషియన్ని. హార్మోన్ పరీక్షలు మా దగ్గర అయ్యేవి కావు. రక్తం మీద తేరిన సీరమ్‌ను ట్యూబులోకి తీసి, ఐసు నింపిన ఫ్లాస్కులో హైదరాబాదు తీసుకుపోవాలి. సోడా దుకాణం ఐసు ఊకతో సహా వచ్చేది. "మంచిగ కడుగు. మనం పంపేది వడ్లు గాదు" అనేవారు మేడం.

ఒకనాడు పిల్లల డాక్టరు పంపగా మేళ్లచెరువు నుంచి ఒక అవ్వ, ఆమె కోడలు పసిగుడ్డుతో వచ్చారు. తాగిన పాలు తాగినట్టే కక్కి ఒళ్లు వాడిపోయింది. ఆడో మగో చూసి చెప్పలేని తీరు. ముందు కాన్పు బిడ్డ కూడా ఇట్లాగే వాంతులై పోయిందట. పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథిలో లోపం ఉందేమోనని మేడం అనుమానం. అదే అయితే ఒంట్లో ఉప్పు నిలవదు, ఒక హార్మోను రక్తంలో పేరుకుపోతుంది. మందు పడ్డాక దాన్ని కొలిస్తే సరిగా తేలదు. అందుకే ముందు రక్తం తీశాం, వెంటనే పక్క దవాఖానలో సూది వేశారు. ఇక ఆ ఒక్క ట్యూబే ఆధారం.

"కొడుకా, ఆడబిడ్డా మేడం?" చీటీ రాయబోతూ అడిగాను.

"పసిగుడ్డు అని రాయి. తెల్వకముందే చెప్పెటందుకు మనమెవ్వరం?"

నేను బస్సు సంగతి కనుక్కొని వచ్చేసరికి ఫ్లాస్కులో ట్యూబు లేదు. అవ్వ దాన్ని కొంగులో చుట్టి గుండెకు అదుముకొని కూర్చుంది. "పసిదాని నెత్తురు ఐసుల పెడ్తవా? సర్ది గాదా?" అని నన్నే గదమాయించింది. నాకు ఒళ్లు మండింది. మేడం మాత్రం నవ్వుతూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు.

"అవ్వా, ఎండకాలం పాలు యాడ పెడ్తవు?"

"తడిగుడ్డ సుట్టి సల్లటి జాగల పెడ్త. లేకుంటె ఇరిగిపోవా?"

"గిది గూడ గంతే. పసిగుడ్డు తల్లి దగ్గర యెచ్చగనే ఉన్నది. గిది సల్లగుంటెనే దానికేమైందో తెలుస్తది."

అవ్వ కొంగు విప్పి ట్యూబు ఇచ్చేసింది. "బయటున్నది జరసేపే గదా, ఏం గాలే. అవ్వను గూడ తీస్కపో. ఫ్లాస్కు ఆమె ఒళ్లెనే ఉండాలె" అన్నారు మేడం నాతో. చేసిన నిర్వాకానికి ఇదా బహుమానం అని లోపల గొణుక్కున్నాను. బస్సులో ఒకాయన ఫ్లాస్కు చూసి దాహమైతోందన్నాడు. "నీళ్లు గావు నాయినా. నా మనుమడో మనుమరాలో" అంది అవ్వ, రెండు చేతులూ మూత మీద పెట్టి. ఆయన మరి అటువైపు చూడలేదు.

ఫలితం వచ్చింది. మేడం అనుమానమే నిజం. స్కానింగులో గర్భసంచి కనిపించింది, ఆడపిల్ల. రోజూ మందు వేస్తే నిక్షేపంగా బతుకుతుందని మేడం చెప్తే, "గీ సారి దక్కింది" అని అవ్వ ఆవిడ చేతులు పట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత మందు సరిపోతోందో లేదో చూసే పరీక్షకు మనుమరాలిని తెచ్చిన ప్రతిసారీ అవ్వ గుమ్మంలోనే అడిగేది, "ఐసు ఏసినవా?" అంత చదివిన మేడం లేచి నిలబడి, మూత తీసి చూపించేవారు. "ఏసిన అవ్వా, సూడు."

ఇప్పుడు నాకూ ఒక ల్యాబ్ ఉంది. థర్మోకోల్ పెట్టెలు, కొరియర్ కుర్రాడు వచ్చారు. పెట్టె మూసేముందు, ఎవరి రక్తమో ఆ పసివాళ్ల తల్లినో వాళ్ల అవ్వనో పిలిచి, రక్తం ఎక్కడికి పోతుందో, ఎందుకు చల్లగా ఉండాలో చెప్తాను. కుర్రాడు గడియారం చూసుకుంటాడు. చూసుకోనీ. ఎవరూ రాకపోతే ఖాళీ గుమ్మం వైపు తిరిగి, "ఏసిన అవ్వా" అని మూత పెడతాను.